ద్రవ ఆర్గాన్, ద్రవ జెనాన్‌లలో ఎలక్ట్రాన్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడి నుంచో వచ్చిన రేణువు ఒకటి ద్రవ ఆర్గాన్ గుండా దూసుకుపోతే, దాని దారి పొడవునా ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. ఆ ఎలక్ట్రాన్లు తొట్టి అవతలి చివర వాటిని పసిగట్టే తీగ దాకా చేరాయా లేదా అన్నదాని మీదే డిటెక్టర్ (రేణువులను పసిగట్టే పరికరం) బతుకంతా ఆధారపడి ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థులు, సైన్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాశాను. వరుసగా చదివితే ఎలక్ట్రాన్ పుట్టిన చోటు నుంచి తీగ దాకా దాని వెంటే నడిచినట్టు ఉంటుంది. తొందరలో ఉంటే కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లినా ఇబ్బంది లేదు.

ఆర్గాన్ వెల్డింగ్ షాపుల్లో వాడేదీ, ఈ ప్రయోగాల్లో వాడేదీ ఒకటేనా?

ఒకటే. మనం పీల్చే గాలిలో 0.93 శాతం ఆర్గాన్ ఉంది. ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి కర్మాగారాల్లో గాలిని బాగా చల్లబరిచి, ద్రవంగా మార్చి, అందులోని వాయువులను విడదీస్తారు. ఆ పనిలో ఆర్గాన్ కూడా వేరుపడుతుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ద్రవ ఆర్గాన్ ఇలాగే ఉప ఉత్పత్తిగా వస్తుంది. అందుకే అది చవక, టన్నుల లెక్కన దొరుకుతుంది.

ఆర్గాన్ మైనస్ 186 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, అంటే 87 కెల్విన్. ద్రవ నైట్రోజన్ దానికంటే చల్లగా, 77 కెల్విన్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆర్గాన్‌ను చల్లగా ఉంచడానికి నైట్రోజన్ సరిపోతుంది. ఈ సౌకర్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇది లేకపోతే వేల టన్నుల డిటెక్టర్ అన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

జెనాన్ సంగతి వేరు. గాలిలో కోటి పరమాణువులు ఏరితే ఒకటి కూడా దొరకదు. మరుగు స్థానం మైనస్ 108 డిగ్రీలు. ఖరీదు చాలా ఎక్కువ.

జడ వాయువు ఎవరితోనూ కలవదంటారు కదా. మరి దానిలోంచి ఎలక్ట్రాన్ ఎలా ఊడుతుంది?

కలవకపోవడం వేరు, గట్టి దెబ్బ తగిలినప్పుడు ఎలక్ట్రాన్‌ను వదిలేయడం వేరు. మామూలు రసాయన చర్యల్లో ఒక్కో బంధానికి చేతులు మారేది కొద్ది ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. ఒంటరి ఆర్గాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే దాదాపు 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాస్మిక్ కిరణాల్లో వచ్చే మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టం లాంటి రేణువు) దగ్గర వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. దానికి ఇదొక లెక్క కాదు.

ద్రవంలోకి వచ్చేసరికి పరమాణువులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఘనపదార్థాల్లోలా శక్తి పట్టీలు ఏర్పడతాయి. వాటి మధ్య అంతరం ద్రవ ఆర్గాన్‌లో 14.3, ద్రవ జెనాన్‌లో 9.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అయితే ఒక్కో ఎలక్ట్రాన్-అయాన్ జతకు సగటున ఖర్చయ్యేది అంతకంటే ఎక్కువ: ఆర్గాన్‌లో 23.6, జెనాన్‌లో 15.6. దీన్ని డబ్ల్యూ విలువ అంటారు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడికి పోయిందని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. కొంత శక్తి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టకుండా వాటిని ఉత్తేజపరచడంతోనే ఆగిపోతుంది. ఇంకొంత బయటపడిన ఎలక్ట్రాన్ల దగ్గరే వేగం రూపంలో మిగిలిపోతుంది.

వాయువులో కూడా ఇదంతా జరుగుతుంది కదా, ద్రవం ఎందుకు?

బరువు కోసం. ఆర్గాన్ వాయువు ద్రవమైతే అదే పరిమాణంలో దాదాపు 800 రెట్లు పదార్థం పడుతుంది. ద్రవ ఆర్గాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములు, ద్రవ జెనాన్‌ది 2.9 గ్రాములు. న్యూట్రినో లాంటి రేణువు భూమి గుండా కూడా తగలకుండా వెళ్లిపోగలదు. దాన్ని పట్టాలంటే దారిలో ఎంత ఎక్కువ పదార్థం పెడితే అంత మంచిది.

1968లో లూయిస్ అల్వారెజ్ ద్రవ జడ వాయువులను డిటెక్టర్లుగా వాడవచ్చని సూచించారు. 1974లో విలియం విలిస్, వెల్కో రాడెకా ద్రవ ఆర్గాన్ అయనీకరణ గదులతో రేణువుల శక్తిని కొలిచి చూపించారు. 1977లో కార్లో రుబ్బియా ఇంకో అడుగు ముందుకు వేశారు. పెద్ద తొట్టి నిండా ద్రవ ఆర్గాన్ పోసి, ఎలక్ట్రాన్లను మీటర్ల దూరం నడిపించి, అవి తీగలను చేరే చోటునూ సమయాన్నీ బట్టి రేణువు దారిని బొమ్మలా గీయవచ్చన్నారు. ఇప్పటి ద్రవ ఆర్గాన్ న్యూట్రినో డిటెక్టర్లన్నీ ఆ ఆలోచన సంతానమే.

ద్రవంలో పరమాణువులు కిక్కిరిసి ఉంటాయి. అందులో ఎలక్ట్రాన్ మీటర్ల దూరం ఎలా నడుస్తుంది?

నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

తిరునాళ్ల రద్దీలో మనిషి నడుస్తున్నాడనుకోండి. అడుగడుగునా ఎవరో ఒకరు తగులుతారు. ద్రవంలో ఎలక్ట్రాన్ పరిస్థితి కూడా అలాగే ఉంటుందని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది. నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్ తరంగం ఒకే పరమాణువును కాదు, చుట్టూ ఉన్న అనేక పరమాణువులను ఒకేసారి తాకుతుంది. ఒక్కొక్కటీ చెదరగొట్టిన అలలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. దీనికి తోడు, ఎలక్ట్రాన్ దగ్గరికి రాగానే పరమాణువులోని ఎలక్ట్రాన్ల మబ్బు కొద్దిగా పక్కకు జరిగి, పరమాణువు దాన్ని తన వైపు లాగుతుంది. మరీ దగ్గరికి పోతే మాత్రం పరమాణువు లోపలి ఎలక్ట్రాన్లు ఈ కొత్త ఎలక్ట్రాన్‌ను నెట్టేస్తాయి. ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్‌లలో ఈ లాగుడు, నెట్టుడు రెండూ ఒక శక్తి దగ్గర దాదాపు సరిసమానమవుతాయి. వాయువులో కూడా ఈ వింత కనిపిస్తుంది. ఆర్గాన్ వాయువులో సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పోయే ఎలక్ట్రాన్‌కు పరమాణువులు దాదాపు అడ్డే తగలవు. రామ్‌సావర్, టౌన్‌సెండ్ 1920ల మొదట్లో దీన్ని గమనించారు. క్వాంటం సిద్ధాంతం వచ్చేదాకా దానికి అర్థం దొరకలేదు.

మొత్తానికి ద్రవ ఆర్గాన్ లోపల ఉండటం ఎలక్ట్రాన్‌కు బయటి శూన్యంలో ఉండటం కంటే కాస్త హాయి. శక్తి లెక్కలో సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టుల లాభం. జెనాన్‌లో ఈ లాభం 0.6 ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే. కాబట్టి అది ఎక్కడా చిక్కుకోకుండా దాదాపు స్వేచ్ఛగా తిరుగుతుంది.

హీలియంలో అంతా తారుమారు. హీలియం పరమాణువు చిన్నది, గట్టిది, దాని మబ్బు అంత తేలిగ్గా పక్కకు జరగదు. లాగుడు ఓడిపోయి నెట్టుడు గెలుస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్ తన చుట్టూ ఉన్న పరమాణువులను తోసేసి, రెండు నానోమీటర్లకు కాస్త తక్కువ వ్యాసార్ధంతో ఒక ఖాళీ బుడగ చేసుకుని అందులో కూర్చుంటుంది. కదలాలంటే బుడగ మొత్తం కదలాలి. అందుకే ద్రవ హీలియంలో ఎలక్ట్రాన్ ఆర్గాన్‌లో కంటే వేల రెట్లు నెమ్మది. నియాన్‌లోనూ ఇలాంటి బుడగే ఏర్పడుతుంది.

సెంటీమీటరుకు 500 వోల్టుల విద్యుత్ క్షేత్రం పెడితే ద్రవ ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్లు మైక్రోసెకనుకు 1.6 మిల్లీమీటర్లు, అంటే సెకనుకు 1.6 కిలోమీటర్లు సాగుతాయి. జర్మనీలో కొలిచినా, రష్యాలో కొలిచినా, అమెరికాలో కొలిచినా అదే అంకె వస్తుంది, ఉష్ణోగ్రత మారకుండా చూసుకుంటే చాలు. కాలాన్ని దూరంగా మార్చుకోగలగడానికి ఈ నిలకడే కారణం.

ఊడిన ఎలక్ట్రాన్ మళ్లీ తన అయాన్ దగ్గరికే వెళ్లిపోదా?

వెళుతుంది. దీన్ని పునస్సంయోగం అంటారు.

ఊడిన వెంటనే ఎలక్ట్రాన్ వేగంగా ఉంటుంది. అది చల్లబడే తీరు విచిత్రం. నీటిలోనైతే అణువులు ఊగుతాయి, తిరుగుతాయి, ఎలక్ట్రాన్ తన శక్తిని వాటికి ఇచ్చేసి త్వరగా నెమ్మదిస్తుంది. ఆర్గాన్‌లో ఉన్నవి ఒంటరి పరమాణువులు. వాటిని ఉత్తేజపరచలేనంత తక్కువ శక్తికి దిగాక ఎలక్ట్రాన్‌కు మిగిలేది ఊరికే తగిలి వెనక్కి రావడమే. గోళీ వెళ్లి రుబ్బురోలుకు తగిలినట్టు. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కంటే దాదాపు 73,000 రెట్లు బరువు, అందుకే ఒక్కో తాకిడికి పోయే శక్తి అతి స్వల్పం. ఇలా తగులుతూ తగులుతూ చల్లబడేసరికి ఎలక్ట్రాన్ తన అయాన్ నుంచి మైక్రోమీటరు స్థాయి దూరం వెళ్లిపోతుంది.

దూరం ఎందుకు ముఖ్యమంటే, అయాన్ ఆకర్షణ ఎలక్ట్రాన్ వేడి కదలికను గెలవగలిగే హద్దు ఒకటుంది. దాని పేరు ఆన్‌సాగర్ వ్యాసార్ధం. ద్రవ ఆర్గాన్‌లో అది సుమారు 130 నానోమీటర్లు, జెనాన్‌లో సుమారు 50. ఎలక్ట్రాన్ ఆ హద్దు దాటి చాలా దూరంలో చల్లబడింది కాబట్టి, ఒక్క జతే ఉంటే అది తప్పించుకునేదే. కానీ రేణువు దారి వెంట జతలు గుంపులుగా ఉంటాయి. తన అయాన్ కాకపోతే పక్కవాడి అయాన్ పట్టుకుంటుంది. ఆల్ఫా రేణువు లాంటిది కొన్ని పదుల మైక్రోమీటర్ల దారిలోనే శక్తినంతా కుమ్మరిస్తుంది. అక్కడ సంక్రాంతి ముందు రోజు బస్టాండులా ఉంటుంది. అంత సాంద్రత నుంచి మామూలు క్షేత్రంతో బయటపడే ఎలక్ట్రాన్లు అతి కొద్ది. మ్యూయాన్ లాంటి వేగమైన రేణువు దారిలో మాత్రం జతలు పలచగా ఉంటాయి. సెంటీమీటరుకు 500 వోల్టుల దగ్గర దాదాపు 70 శాతం ఎలక్ట్రాన్లు తప్పించుకుంటాయి. క్షేత్రం పెంచితే ఇంకా ఎక్కువ.

అందుకే వచ్చిన విద్యుదావేశాన్ని నేరుగా శక్తిగా మార్చేస్తే తప్పు లెక్క వస్తుంది. ఆగే ముందు ప్రోటాన్ దారి చిక్కగా అవుతుంది, అక్కడ ఎక్కువ ఎలక్ట్రాన్లు మాయమవుతాయి. దాన్ని సవరించాలి. బిర్క్స్ సూత్రం, థామస్-ఇమెల్ నమూనా లాంటివి ఈ సవరణ కోసం వాడేవే. వీటిలో ఏ ఒక్కటీ అన్ని సందర్భాలకూ సరిపోదు. ఏది వాడినా ముందు కొలతలతో సరిచూసుకోవాలని నా సలహా.

అలా కలిసిపోయిన ఎలక్ట్రాన్ల శక్తి వృథాయేనా?

కాదు, అది వెలుగుగా వస్తుంది. ఎలక్ట్రాన్ అయాన్‌తో కలిసినప్పుడు, లేదా పరమాణువు నేరుగా ఉత్తేజం పొందినప్పుడు, ఆ ఉత్తేజిత పరమాణువు పక్కనున్న ఇంకో పరమాణువుతో తాత్కాలికంగా జతకడుతుంది. జడ వాయువు జతకట్టేది ఇలాంటప్పుడే. ఆ జంట విడిపోతూ అతినీలలోహిత కాంతిని వదులుతుంది. ఆర్గాన్‌లో 128 నానోమీటర్లు, జెనాన్‌లో సుమారు 175. ఆ కాంతి శక్తి విడి పరమాణువును ఉత్తేజపరచడానికి చాలదు కాబట్టి ద్రవం తన వెలుగుకు తానే పారదర్శకంగా ఉంటుంది.

128 నానోమీటర్ల కాంతిని మామూలు గాజు కూడా పోనివ్వదు. అందుకని గోడలకూ సెన్సార్లకూ ఒక రసాయనపు పూత పూసి దాన్ని నీలి కాంతిగా మారుస్తారు. జెనాన్‌కు ఆ అవసరం లేదు, ఆ కాంతిని నేరుగా చూసే సెన్సార్లున్నాయి.

తప్పించుకున్న ఎలక్ట్రాన్ విద్యుదావేశంగా కనిపిస్తుంది, కలిసిపోయినది వెలుగుగా కనిపిస్తుంది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతుంది. రెండింటినీ కలిపి లెక్కిస్తే శక్తి కొలత చాలా మెరుగవుతుంది. జెనాన్‌లో అరుదైన కేంద్రక క్షయం కోసం వెతికే ఎక్సో బృందం 2003లో ద్రవ జెనాన్‌లో దీన్ని స్పష్టంగా చూపించింది. తర్వాత అమెరికాలోని న్యూమెక్సికోలో ఉప్పు పొరల మధ్య నడిపిన ఎక్సో-200 డిటెక్టర్, జెనాన్-136 కేంద్రకం రెండు న్యూట్రినోలతో చేసే జంట బీటా క్షయాన్ని (ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లను వదలడాన్ని) 2011లో మొదటిసారి పట్టుకుంది. దాని అర్ధాయువు విశ్వం వయసు కంటే పదివేల కోట్ల రెట్లకు పైనే.

వెలుగు ఉంటే ఇక విద్యుదావేశం ఎందుకు?

వెలుగు నానోసెకన్లలో వచ్చేస్తుంది, సంఘటన ఎప్పుడు జరిగిందో చెబుతుంది. ఎక్కడ జరిగిందో మిల్లీమీటర్ల వరకు చెప్పేది ఎలక్ట్రాన్లు. రెండింటి మధ్య గడిచిన కాలాన్ని వేగంతో గుణిస్తే లోతు తెలుస్తుంది.

శుద్ధత గురించి అందరికీ అంత టెన్షన్ ఎందుకు?

ఆర్గాన్ ఎలక్ట్రాన్‌ను పట్టుకోదు, ఆక్సిజన్ పట్టుకుంటుంది. ఒక్కసారి ఆక్సిజన్ అణువుకు అంటుకున్న ఎలక్ట్రాన్ బరువెక్కి ఆ ప్రయాణానికి పనికిరాకుండా పోతుంది. నీటి ఆవిరి కూడా ఇలాంటి శత్రువే.

ఎంత శుద్ధత కావాలో అంకెల్లో చూడండి. వంద కోట్ల ఆర్గాన్ పరమాణువులకు 0.3 ఆక్సిజన్ అణువులుంటే ఎలక్ట్రాన్ సగటున ఒక మిల్లీసెకను బతుకుతుంది. ఆక్సిజన్ పదో వంతుకు తగ్గితే బతుకు పది రెట్లు. బయట కొన్న ద్రవ ఆర్గాన్‌లో పది లక్షలకు ఒక ఆక్సిజన్ అణువు ఉంటే చాలు, ఎలక్ట్రాన్ 0.3 మైక్రోసెకన్లే బతుకుతుంది, అంటే అర మిల్లీమీటరు కూడా సాగదు. ఇది చిల్లు కుండలో నీళ్లు మోయడం లాంటిది. దూరం పెరిగేకొద్దీ మిగిలేది తగ్గుతుంది, చిల్లు చిన్నదైతేనే ఇంటికి నీళ్లు చేరతాయి.

శుద్ధి చేసే పద్ధతి చెప్పడానికి సులువు. ద్రవాన్ని పంపుతో తిప్పుతూ, నీటిని పీల్చే జల్లెడ లాంటి పదార్థం గుండా, ఆక్సిజన్‌ను పట్టుకునే రాగి రేణువుల గుండా రోజుల తరబడి, వారాల తరబడి పంపిస్తారు. రాగి నిండిపోతే వేడిచేసి, హైడ్రోజన్ పంపి మళ్లీ తాజా చేస్తారు. పెద్ద తొట్లలో ఇంకో సమస్య ఉంది. వందల టన్నులు పట్టే తొట్టిలోంచి గాలిని పంపులతో పూర్తిగా లాగేస్తే బయటి గాలి ఒత్తిడికి గోడలు నిలవవు. దానికి ఇంజినీర్లు చేసిన ఉపాయం చాలా తెలివైనది. ఆర్గాన్ గాలి కంటే బరువు కాబట్టి, అడుగు నుంచి ఆర్గాన్ వాయువును నెమ్మదిగా నింపుతూ గాలిని పైనుంచి బయటకు తోసేస్తారు. ఆ తర్వాతే చల్లబరిచి ద్రవం పోస్తారు.

అమెరికాలో కడుతున్న డ్యూన్ న్యూట్రినో ప్రయోగానికి నమూనాగా, 2018లో ఐరోపా రేణు పరిశోధన కేంద్రం సెర్న్‌లో నడిపిన ప్రోటోడ్యూన్‌లో 770 టన్నుల ద్రవ ఆర్గాన్ ఉంది. ఎలక్ట్రాన్లు 3.6 మీటర్లు నడవాలి, దానికి 180 కిలోవోల్టులు పెట్టారు. అక్కడ ఎలక్ట్రాన్ జీవితకాలం 20 మిల్లీసెకన్లు దాటింది. ఈ రంగంలో సిద్ధాంతానికి వచ్చే పేరు వాల్వులు బిగించేవాళ్లకు, లీకులు వెతికేవాళ్లకు రాదు. రావాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే 1977 నాటి ఆలోచన వందల టన్నుల డిటెక్టర్‌గా మారడానికి ముప్ఫై ఏళ్లు పైన పట్టిందంటే దానిలో పెద్ద భాగం శుద్ధత కోసం చేసిన పనే.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతుంటారు. అది ఎలక్ట్రాన్‌ను పెద్దగా పట్టుకోదు, కానీ వెలుగును మింగేస్తుంది. పైన చెప్పిన రాగి దాన్ని తీయలేదు. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి.

అన్ని ద్రవ ఆర్గాన్ డిటెక్టర్లకూ ఇంత శుద్ధత కావాలా?

అక్కర్లేదు. సెర్న్‌లోని అట్లాస్ ప్రయోగంలో సీసపు పలకల మధ్య రెండు మిల్లీమీటర్ల సందుల్లో ద్రవ ఆర్గాన్ ఉంటుంది, 2,000 వోల్టులు పెడతారు. ఎలక్ట్రాన్ దాదాపు 450 నానోసెకన్లలో ఆ సందు దాటేస్తుంది. 2012లో హిగ్స్ బోసాన్ రెండు ఫోటాన్లుగా విడిపోవడాన్ని అట్లాస్ కొలిచింది ఈ ఆర్గాన్‌తోనే.

ధన అయాన్ల మాటేమిటి? అవెటు పోతాయి?

అవతలి వైపుకు పోతాయి, కానీ సెకనుకు కొద్ది మిల్లీమీటర్లే. ఎలక్ట్రాన్ రెండు మిల్లీసెకన్లలో దాటే దూరానికి అయాన్‌కు నిమిషాలు పడుతుంది. నేల మీద ఉన్న డిటెక్టర్‌లో కాస్మిక్ కిరణాలు ఆగకుండా పడుతుంటాయి, కొత్త అయాన్లు పుడుతూనే ఉంటాయి. పాతవి పోకముందే కొత్తవి చేరి తొట్టి మధ్యలో ధనావేశం పేరుకుపోతుంది. అది విద్యుత్ క్షేత్రాన్ని వంచుతుంది, దాంతో తిన్నని దారి కూడా బొమ్మలో వంగి కనిపిస్తుంది. మైక్రోబూన్ అనే ద్రవ ఆర్గాన్ న్యూట్రినో డిటెక్టర్ లేజర్లతోనూ మ్యూయాన్ దారులతోనూ, ప్రోటోడ్యూన్ మ్యూయాన్ దారులతోనూ ఈ వంపును కొలిచి సరిచేసుకోవాల్సి వచ్చింది. భూగర్భంలోకి వెళితే ఈ బాధ దాదాపు పోతుంది.

సిగ్నల్ చిన్నదైతే ద్రవంలోనే దాన్ని పెంచుకోవచ్చు కదా?

వాయువులో చేసినట్టు క్షేత్రం బాగా పెంచి ఎలక్ట్రాన్లను వరదలా గుణించడం ద్రవంలో నిలకడగా కుదరదు. బుడగలొస్తాయి, మెరుపులొస్తాయి. దీనికి దారి 1970లో దోల్గోషైన్, ఆయన సహచరులు చూపించారు. ద్రవం పైన కొంత వాయువు ఉంచి, ఎలక్ట్రాన్‌ను ద్రవంలోంచి బయటికి లాగడమే ఆ దారి.

ఎలక్ట్రాన్‌కు ద్రవంలోనే హాయి అని పైన చెప్పాను. కాబట్టి ఉపరితలం దగ్గర దానికి ఒక గట్టు అడ్డు వస్తుంది. జెనాన్‌లో గట్టు ఎత్తు ఎక్కువ. ద్రవంలో సెంటీమీటరుకు 5 కిలోవోల్టుల స్థాయి క్షేత్రం పెడితేగానీ దాదాపు అన్ని ఎలక్ట్రాన్లూ గట్టు దాటవు. ఆర్గాన్‌లో 3 కిలోవోల్టులు చాలు. దాటిన ఎలక్ట్రాన్ వాయువులో పరుగెత్తుతూ పరమాణువులను ఉత్తేజపరుస్తుంది, ఒక్క ఎలక్ట్రాన్ వందల ఫోటాన్లను పుట్టిస్తుంది. అంటే ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ద్రవంలోంచి బయటికొచ్చినా తెలిసిపోతుంది. టన్నుల జెనాన్‌లో ఒక్క ఎలక్ట్రాన్! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డార్క్ మ్యాటర్ (విశ్వంలో ఉందనుకుంటున్న కనిపించని పదార్థం) ప్రయోగాల్లో ఎస్1, ఎస్2 అంటారు. అవేమిటి?

ఎస్1 ద్రవంలో మొదట వచ్చే వెలుగు. ఎస్2 ఎలక్ట్రాన్లు పైకి చేరి వాయువులో పుట్టించే వెలుగు. ఈ రెండింటి నిష్పత్తి చూసి తగిలింది ఏమిటో చెప్పవచ్చు. గామా కిరణం లేదా బీటా రేణువు పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను తంతుంది. న్యూట్రాన్, లేదా మనం వెతుకుతున్న డార్క్ మ్యాటర్ రేణువు, కేంద్రకాన్ని తంతుంది. కేంద్రకం కొద్ది దూరమే పోయి ఆగుతుంది, చాలా శక్తి వేడిగా పోతుంది, తప్పించుకునే ఎలక్ట్రాన్లు తక్కువ. అందుకే ఎస్2ను ఎస్1తో భాగిస్తే కేంద్రకం దెబ్బకు చిన్న అంకె వస్తుంది.

ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింద ఉన్న జెనాన్-ఎన్‌టీలో మొత్తం 8.5 టన్నుల జెనాన్ ఉంది. అమెరికాలోని ఎల్‌జెడ్‌లో పది టన్నులు. చైనాలోని జిన్‌పింగ్‌లో పాండాఎక్స్-4టీ ఉంది. డార్క్ మ్యాటర్ ఇంకా దొరకలేదు. కానీ ఈ వెతుకులాటలోనే 2019లో జెనాన్-1టీ ప్రయోగం, జెనాన్-124 కేంద్రకం తన రెండు ఎలక్ట్రాన్లను ఒకేసారి మింగే అరుదైన క్షయాన్ని చూసింది. 2024లో జెనాన్-ఎన్‌టీ, పాండాఎక్స్ రెండూ సూర్యుడి నుంచి వచ్చిన న్యూట్రినోలు జెనాన్ కేంద్రకాలను తాకిన తొలి గుర్తులను ప్రకటించాయి.

ఆర్గాన్ మేలా, జెనాన్ మేలా?

పనిని బట్టి. వేల టన్నులు కావాలంటే ఆర్గాన్ తప్ప దారి లేదు. చిన్న తొట్టిలో తక్కువ శక్తి సంఘటనలు వెతకాలంటే జెనాన్. బరువైన ద్రవం కాబట్టి బయటి గామా కిరణాలను తన అంచుల్లోనే ఆపేస్తుంది, మధ్యభాగం ప్రశాంతంగా ఉంటుంది.

ఆర్గాన్‌కు రెండు ప్రత్యేకతలున్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిది దాని వెలుగులో ఉంది. కొంత భాగం 7 నానోసెకన్లలో వస్తుంది, మిగతాది 1.6 మైక్రోసెకన్లపాటు మెల్లగా వస్తుంది. కేంద్రకం దెబ్బకు త్వరగా వచ్చే భాగం ఎక్కువ, ఎలక్ట్రాన్ దెబ్బకు మెల్లగా వచ్చేది ఎక్కువ. కెనడాలోని డీప్-3600 ఈ తేడా ఒక్కదానితోనే రెండింటినీ విడదీస్తుంది. జెనాన్‌లో రెండు భాగాలూ నానోసెకన్లలోనే ముగిసిపోతాయి కాబట్టి ఈ పద్ధతి అంతగా పనిచేయదు.

చెడ్డది ఆర్గాన్-39, ఆర్గాన్‌లోని రేడియోధార్మిక రకం. కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుడుతూ ఉంటుంది, కిలో ఆర్గాన్‌లో సెకనుకు ఒక క్షయం. అర్ధాయువు దాదాపు 270 ఏళ్లు. టన్నుల తొట్టిలో ఇది పెద్ద గోల. దీనికి విరుగుడు భూమి లోపల దొరికింది. మన గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40, అది రాళ్లలోని పొటాషియం-40 క్షయం వల్ల పుట్టినది. భూమి లోతుల్లో అలాగే పుట్టి, కాస్మిక్ కిరణాలకు దొరకకుండా ఉండిపోయిన ఆర్గాన్‌ను కొలరాడోలోని కార్బన్ డయాక్సైడ్ బావుల నుంచి తీసి డార్క్‌సైడ్-50లో వాడారు. అందులో ఆర్గాన్-39 గాలి ఆర్గాన్‌తో పోలిస్తే 1,400 రెట్లు తక్కువని తేలింది.

క్రిప్టాన్ ఎవరూ వాడరా?

వాడతారు. సెర్న్‌లో ఎన్ఏ48 కోసం కట్టిన ద్రవ క్రిప్టాన్ డిటెక్టర్‌ను తర్వాత ఎన్ఏ62లోనూ వాడారు. అయితే గాలి నుంచి తీసిన క్రిప్టాన్‌లో రేడియోధార్మిక క్రిప్టాన్-85 ఉంటుంది. ప్రశాంతత కావలసిన ప్రయోగాలకు అది పనికిరాదు. జెనాన్‌లోంచి కూడా దాన్ని స్వేదనం చేసి వేరు చేయాల్సి వస్తుంది.

ద్రవ ఆర్గాన్ దగ్గర పనిచేయడం ప్రమాదమా?

విషం కాదు, మండదు. కానీ చిందితే 800 రెట్లకు పైగా వ్యాకోచించి గదిలోని గాలిని తోసేస్తుంది. చల్లటి ఆర్గాన్ నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి నేరుగా స్పృహ తప్పుతాడు. ఆక్సిజన్ మీటర్ మోగితే వెంటనే బయటికి వెళ్లాలి. పడిపోయిన సహోద్యోగిని లాగడానికి పరికరం లేకుండా లోపలికి దూకకూడదు. వెల్డింగ్ పని ఇరుకు ట్యాంకుల్లో చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, దయచేసి వాళ్లకు చెప్పండి.

మన దగ్గర ఎవరైనా దీని మీద పనిచేస్తున్నారా?

అమెరికాలో కడుతున్న డ్యూన్ ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు. సౌత్ డకోటాలోని లీడ్ అనే ఊళ్లో, పాత బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతున ఆ డిటెక్టర్ వస్తుంది. ఒక్కో తొట్టిలో 17,000 టన్నుల ద్రవ ఆర్గాన్ పడుతుంది. 1,300 కిలోమీటర్ల దూరంలోని ఫెర్మీల్యాబ్ అనే పరిశోధనశాల నుంచి న్యూట్రినోలను భూమి గుండా పంపుతారు. గుహల తవ్వకం 2024లో పూర్తయింది.

చేత్తో వేసి చూడగలిగే లెక్క ఏదైనా చెబుతారా?

చెబుతాను. పైన చెప్పినవన్నీ ఇందులో వస్తాయి. మ్యూయాన్ ఒకటి ద్రవ ఆర్గాన్‌లో సెంటీమీటరుకు 2.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వదులుతుంది. తీగల మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే ఒక్క తీగ వాటాకు 6,30,000 ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని 23.6తో భాగిస్తే దాదాపు 26,700 ఎలక్ట్రాన్లు. పునస్సంయోగంలో 30 శాతం పోతే 18,700 మిగులుతాయి. ఇవి 3.6 మీటర్లు నడవాలి, మైక్రోసెకనుకు 1.6 మిల్లీమీటర్ల చొప్పున 2.25 మిల్లీసెకన్లు పడుతుంది. ఎలక్ట్రాన్ జీవితకాలం 3 మిల్లీసెకన్లయితే 47 శాతం చేరతాయి, అంటే సుమారు 8,800. జీవితకాలం 20 మిల్లీసెకన్లయితే 89 శాతం, సుమారు 16,700. చల్లటి ఆర్గాన్‌లోనే ముంచి ఉంచే ఎలక్ట్రానిక్స్‌లో గోల (నాయిస్) దాదాపు 500 ఎలక్ట్రాన్ల స్థాయిలో ఉంటుంది. ఇప్పుడు జీవితకాలం ఒక మిల్లీసెకను, అర మిల్లీసెకను అని పెట్టి మీరే వేసి చూడండి. అర మిల్లీసెకను దగ్గర చేరేవి రెండు వందల చిల్లర. ఆ మ్యూయాన్ దారి గోలలో కలిసిపోతుంది.